కోర్టు గేటు దగ్గరి మనిషి ఆ పని చెయ్యలేదు

ఒక వెబ్ పత్రిక నడిపే యువకులు పోయిన నెల నన్ను ఒక వ్యాసం అడిగారు. ఇంటర్నెట్ మన ఊరికి వచ్చిన కొత్తలో అందులో కథలు వెతుక్కున్న తెలుగు రచయితల్లో నేనొకణ్ణట. ఆన్‌లైన్‌లో ప్రేరణ ఎలా దొరుకుతుందో కొత్తవాళ్ళకి చెప్పాలట. "మీ అర్జీల కథ ఎలా పుట్టిందో తప్పకుండా రాయండి సార్, ఆ కథని కూడా పక్కనే మళ్ళీ వేస్తాం" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ మీద కాదు, వాళ్ళు ఏమీ తెలియని పిల్లలు. ఇరవై ఏళ్ళుగా ఆ కథ గురించి మాట్లాడిన ప్రతి ఒక్కరూ ప్రేరణ అనే మాటే వాడారు. సభల్లో వాడారు, సంకలనానికి ముందుమాట రాసిన పెద్దాయన వాడారు, అందరికంటే ఎక్కువగా నేను వాడాను. ఒకరి బతుకు ఎత్తుకొచ్చి దానికి లేని మచ్చ పూస్తే దాన్ని ప్రేరణ అనరు. సరే, పుట్టుక గురించే కదా అడిగారు. రాస్తాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. నాంపల్లిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాని. అప్పటికి పది పన్నెండు కథలు అచ్చయ్యాయి. ముప్పై దాటీ దాటకముందే నా దగ్గర సరుకు అయిపోయింది. మా ఇంటి సంగతులు రాసేశాను, ఆఫీసు సంగతులు రాసేశాను, బస్సులో చూసినవి రాసేశాను. పంపినవన్నీ తిరిగొస్తున్నాయి. మా సెక్షన్‌లో సీనియర్ ఒకాయన రోజూ టపా రాగానే నా బల్ల మీదికి తొంగిచూసేవాడు. "ఏంది, ఇయ్యాల గూడ బిడ్డ పుట్టింటికొచ్చిందా?" అనేవాడు. నవ్వేవాణ్ణి. లోపల మాత్రం కుంగిపోయేవాణ్ణి.

అలాంటి రోజుల్లో ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఒక నెట్ సెంటర్ దొరికింది. కింద చెప్పుల దుకాణం, పైన ప్లైవుడ్ చెక్కలతో కట్టిన ఎనిమిది గదులు. చెప్పులు బయట విడవాలి, రిజిస్టర్‌లో పేరూ టైమూ రాయాలి. దాని యజమాని పాతబస్తీ బట్టల వ్యాపారుల ఇంటివాడు. దుకాణం నడవక కంప్యూటర్లు పెట్టాడు. నేను కథలు రాస్తానని తెలిశాక నన్ను రైటర్ సాబ్ అనడం మొదలుపెట్టాడు, మూడో నంబరు గది నాకోసం ఖాళీగా ఉంచేవాడు.

కథలు రాయడం ఎలాగో నేర్పే ఇంగ్లీషు సైట్లు అప్పటికే బోలెడు. పది నిమిషాలు ఆపకుండా రాయి అని ఒకటి. నిద్ర లేవగానే వచ్చిన కల రాసిపెట్టుకో అని ఒకటి. కిటికీలోంచి కనిపించే మొదటి మనిషి గురించి రాయి అని ఇంకోటి. మూడో నంబరు గదికి కిటికీ లేదు. ఇవన్నీ నేను శ్రద్ధగా నోట్‌బుక్‌లో ఎక్కించుకునేవాణ్ణి. ఒక సైట్‌లో పాత్రల ప్రశ్నాపత్రం ఉండేది. మీ పాత్రకి ఇష్టమైన తిండి ఏమిటి, ఏ చేత్తో రాస్తాడు, దేనికి భయపడతాడు, ఇలా నలభై ప్రశ్నలు. చివరి ప్రశ్న ఇది: ఎవరికీ చెప్పని ఏ పాపం అతని గుండెలో ఉంది? దాని కింద ఒక హెచ్చరిక. పాపం లేని మంచివాడు పాఠకుడికి విసుగు పుట్టిస్తాడట. దాన్ని ప్రింటు తీయించుకుని ఆఫీసు ఫైల్లో పెట్టుకున్నాను.

అదే రోజుల్లో తెలుగువాళ్ళ చర్చా గుంపు ఒకటి కంటబడింది. తెరల మీద తెలుగు అక్షరాలు సరిగ్గా కనపడని కాలం కాబట్టి అందరూ ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసేవాళ్ళు. సభ్యుల్లో ఎక్కువమంది పరాయి దేశాల్లో ఉండేవాళ్ళు. మంచు కురుస్తోందనీ, గోంగూర దొరకదనీ రాసేవాళ్ళు. చాలామందికి అసలు పేర్లు ఉండవు. అక్కడ ఒకామె ఒక పిట్ట పేరు పెట్టుకుని వారం వారం తన చిన్నతనం రాసేది.

ఆమె తండ్రి నాంపల్లి కోర్టు గేటు దగ్గర అర్జీలు రాసేవాడు. మెదక్ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఎండాకాలంలో కూడా బూడిదరంగు కోటు వేసుకునేవాడు. ఎడమచేత్తో రాసేవాడు. సొట్టపడిన రేకు పెట్టె మూత మీద అట్ట పెట్టుకుంటే అదే బల్ల. చదువురాని వాళ్ళు వచ్చి గంటసేపు తమ గోడు చెప్పుకుంటే దాన్ని ఒక పేజీకి కుదించేవాడు. ఆ తర్వాత ఆయనకొక పద్ధతి ఉంది. రాసిందాన్ని ఒక్కో వాక్యం గట్టిగా చదివి ఆగేవాడు. అవతలి మనిషి 'ఔ' అనాలి. అంటేనే తర్వాతి వాక్యం. ఒక్క 'ఔ' తగ్గినా కాగితం చించి మళ్ళీ మొదలుపెట్టేవాడు, వేలిముద్ర వెయ్యనిచ్చేవాడు కాదు. సెలవుల్లో పక్కన కూర్చుని ఆ 'ఔ'లు లెక్కపెడుతూ తను అంకెలు నేర్చుకున్నానని ఆమె రాసింది.

అది చదివి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఆరు వారాల్లో ఆమె రాసిన ప్రతి ముక్కా నోట్‌బుక్‌లోకి తెలుగులో దించాను. ఈమె ఏ దేశంలోనో ఉంటుంది, ఆ తండ్రి ఎప్పుడో పోయి ఉంటాడు అనుకున్నాను. అడగలేదు. తెర మీద కనపడిందంతా సముద్రాలు దాటి వస్తుందనే భ్రమలో ఉన్న రోజులవి. ఆ కోర్టు గేటు మా ఆఫీసుకి ఐదు నిమిషాల దూరం. రోజుకు రెండుసార్లు దాని ముందు నుంచే నడిచేవాణ్ణి. అక్కడ కూర్చున్న మనుషుల్లో ఒక్కరి మొహం కూడా చూడలేదు. మనుషుల్ని వెతకడానికి ఆబిడ్స్ దాకా నడిచి, చెప్పులు విడిచి, కిటికీ లేని గదిలో కూర్చునేవాణ్ణి. ఇది నా తెలివి.

ప్రశ్నాపత్రం తీశాను. ముప్పైతొమ్మిది ప్రశ్నలకి జవాబులు ఆమె రాతల్లోనే ఉన్నాయి. నలభయ్యోదానికి లేదు. అది నేను పూరించాను. నా కథలో ఆ అర్జీల మనిషికి ఒక విధవరాలి చనిపోయిన భర్త మీద పాత పగ ఉంటుంది. ఆమె ఇల్లు కాపాడుకోవడానికి అర్జీ రాయించుకుంటుంది. అసలైన వాక్యం ఒకటి అతను రాయడు. కానీ రాసినట్టే గట్టిగా చదువుతాడు. ఆమె 'ఔ' అంటుంది. వేలిముద్ర వేస్తుంది. ఇల్లు పోతుంది. అతను ఆ పాపం మోస్తూ ముసలివాడవుతాడు.

ఆదివారం అనుబంధంలో కథ వచ్చింది. ఉత్తరాలు వచ్చాయి. బహుమతి వచ్చింది. సభలో ఎవరో లేచి అడిగారు, ఇది నిజంగా జరిగిందా అని. ఒక్క క్షణం ఆగి, "జరిగింది. నాంపల్లిలోనే" అన్నాను. హాలు మొత్తం చప్పట్లు కొట్టింది. మర్నాడు ఒక పేపరు యథార్థగాథకు పురస్కారం అని రాసింది. కథలో కల్పించడం ఒక తప్పయితే ఈ మాట దానికి నూరింతలు. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. చప్పట్ల కోసం అన్నాను.

నెట్ సెంటర్ యజమాని ఆ కథ ఉన్న పేజీని తన కౌంటర్ వెనక గోడకి అంటించాడు. వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. "మా రైటర్ సాబ్ గీడనే కూసొని రాసిండు. మా మూడో నంబర్‌ల."

ఒక శనివారం మధ్యాహ్నం ఒకామె ఆ గోడ ముందు నిలబడి చివరిదాకా చదివింది. నూలు చీర, చేతి సంచీలో పరీక్ష పేపర్ల కట్ట. పంతులమ్మ అని తెలుస్తూనే ఉంది. యజమాని సంబరంగా, "గాయనే మేడమ్, లోపలున్నడు. పోయి కలువుండ్రి, జర కూడ గర్వం లేదు" అని నా గది చూపించాడు.

ఆమె వచ్చి చెక్క పట్టుకుని నిలబడింది. "కథ మీరే రాసిన్రా సార్?"

"ఔనమ్మా."

"బూడిదరంగు కోటు మంచిగ రాసిన్రు."

"థాంక్సమ్మా."

"రేకు పెట్టె గూడ. దాని మూత మీద సొట్ట గూడ రాసిన్రు. గా సొట్ట నేనే పెట్టిన, ఆరో తరగతిల. మీకెట్ల తెలుసు సార్?"

నేను సిగ్గులేకుండా, "మీరు అమెరికాలో ఉంటారనుకున్నాను" అన్నాను.

"నేను ఐదో నంబర్‌ల ఉంట. శనివారం శనివారం."

మధ్యలో ఒకే ఒక్క గది. ఆరు వారాలు ఆమె అక్కడ కూర్చుని టైపు చేస్తుంటే నేను ఇక్కడ కూర్చుని ఎత్తి రాసుకున్నాను.

"మా నాన్న బతికే ఉన్నడు సార్" అంది ఆమె. గొంతు పెంచలేదు. "రోజు గేటు కాడ్నే కూసుంటడు. వకీళ్ళ గుమాస్తాలు మీ కథ చదివి అందరికి చెప్పిన్రు. పేపర్ల నిజమని పడ్డది గదా. ఇప్పుడు అర్జీ రాయించుకున్నోళ్ళు వేలిముద్ర ఏసే ముందుగాల గా కాయితం తీస్కొని జిరాక్స్ దుకానం కాడికి పోతున్నరు. మళ్ళ ఒకపాలి చదివిపిచ్చుకోనీకి."

నేను తల దించుకున్నాను.

"చర్చిల ఆదివారం బైబిల్ వాక్యం చదివేది మా నాన్ననే. పోయిన వారం ఆయన లేవంగనే వెనక వరసల కూసున్న ఒకాయన అన్నడు, 'పుస్తకంల ఉన్నదే చదువుతున్నవా అన్నా, నడుమల నీది గూడ కలుపుతున్నవా' అని. అందరు నవ్విన్రు. నాన్న గూడ నవ్విండు. ఇంటికొచ్చి కోటు ఇప్పకుంట పొద్దుమీకేదాంక కూసున్నడు." తర్వాత అడిగింది. "నేను రాసింది మా నాన్న గొప్ప చెప్పుకుందామని సార్. ఇంట్ల అందరు నన్నే అంటున్నరు, నువ్వే రాసిచ్చినవని. గా మోసం ముచ్చట ఎక్కడికెళ్ళి తెచ్చిన్రు?"

ఆ ప్రింటు కాగితం నా బల్ల మీదే ఉంది. దాని మీద మోచెయ్యి పెట్టాను. "కథ కదమ్మా" అన్నాను. ఇంతకంటే నీచమైన మాట నా జీవితంలో అనలేదు.

ఆమె ఐదో నంబరులోకి కూడా వెళ్ళకుండా మెట్లు దిగిపోయింది. యజమాని లోపలికి తొంగిచూసి, "మేడమ్ మస్తు ఖుషీ అయ్యిందా సార్?" అన్నాడు.

సోమవారం మధ్యాహ్నం గేటు దగ్గరికి వెళ్ళాను. ఆయన్ని గుర్తుపట్టడానికి రెండు క్షణాలు పట్టలేదు. అంత బాగా దించాను కదా. నేనెవరో చెప్పుకున్నాను. తిడతాడనుకున్నాను. ఆయన అట్ట పక్కకు జరిపి రేకు పెట్టె నా వైపు తోశాడు.

"కూసో సార్. కథ మంచిగనే ఉన్నది. ఒక్క కాడ తప్పు రాసినవ్."

"ఎక్కడండీ?"

"నేను చదివినంక కాయితం వాళ్ళ చేతులనే పెడుత. ఇంటికి తీస్కపో, తెలిసినోనితోని చదివిపిచ్చుకో, రేపొచ్చి ఏలు ఎయ్యి అంట. ఇంతకుముందు నమ్మకంతోని ఎవ్వలు పోకుంట ఆడ్నే ఏస్తుండె. గట్ల మోసం చెయ్యాలంటే కాయితం నా కాడ్నే ఉండాలె. నీ కథల గా అవ్వ కాయితం ఇడిశిపెట్టి పోయింది. ఎవ్వలు పోరు సార్. గది వాళ్ళ పానం."

నేను కనుక్కోని విషయం అదే. ఆయన పని ఎలా చేస్తాడో ఒక్క పూట నిలబడి చూస్తే ఆ కథ రాయడం సాధ్యమే అయ్యేది కాదు. ఆ నలభై ప్రశ్నల్లో ఇతను తన పని ఎలా చేస్తాడు అనే ప్రశ్న ఒక్కటీ లేదు. ఉన్నా దానికి కూడా జవాబు నేనే కల్పించి ఉండేవాణ్ణి.

మేం మాట్లాడుతుండగానే ఒకామె రాయించుకున్న కాగితం పట్టుకుని లేచింది. జిరాక్స్ దుకాణం వైపు చూసింది, ఆయన వైపు చూసి మొహమాటపడింది. ఆయనే అన్నాడు. "పో అమ్మా, చూపిచ్చుకో. ఫికర్ లేదు. మంచిదే." మామూలుగానే అన్నాడు. కానీ ఆమె వీధి దాటేదాకా కలం మూత పెట్టి తీస్తూ ఉన్నాడు.

ఏం చెయ్యమంటారని అడిగాను.

"అబద్దమని రాయి. అచ్చయిన కాడ్నే రాయి. నా పేరు మాత్రం పెట్టకు. పేరు పెడితే ఇప్పటిదాంక తెల్వనోనికి గూడ తెలుస్తది."

రాస్తానని చెప్పి వచ్చాను. అదే సాయంత్రం పత్రిక ఆఫీసుకి వెళ్ళి ఒక పేజీ వివరణ ఇచ్చాను. సంపాదకుడు రెండు పంక్తులు చదివి నా వైపు తోసేశాడు. "కథకి సవరణేమిటండీ? ఇదేమన్నా వార్తా? రేపట్నుంచి ప్రతి పాత్రా వచ్చి సవరణ అడుగుతుంది. అయినా నిజమని సభలో చెప్పింది మీరా నేనా? ఇది వేస్తే మీరు అబద్ధాలకోరు, మేం వెర్రివాళ్ళం. ఇంటికెళ్ళి ఇంకో కథ రాయండి."

ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఒక బతికున్న మనిషి పరువు గురించి చెబుతుంటే పాత్ర అన్నాడు. కానీ నిజం చెప్పాలి. ఆ గది బయటికి వచ్చినప్పుడు నా గుండె తేలికపడింది. నా వంతు చేశాను, వాళ్ళు వెయ్యలేదు అనుకునే వీలు దొరికింది. ఇంకో పత్రికకి పంపలేదు. బహుమతి తిప్పి ఇవ్వలేదు. ఆ గుంపులో నాలుగు వాక్యాలు రాస్తే సరిపోయేది, అదీ రాయలేదు. మరుసటి ఏడాది కథని సంకలనంలో వేస్తామని ఉత్తరం వస్తే, అన్నీ తెలిసి, అనుమతి పత్రం మీద సంతకం పెట్టాను. ఆఫీసుకి వెళ్ళే దారి మార్చాను. గేటు ముందు నుంచి కాకుండా పబ్లిక్ గార్డెన్ వైపు చుట్టూ తిరిగి నడిచేవాణ్ణి. ఉదయం నడక ఆరోగ్యానికి మంచిదని ఇంట్లో చెప్పాను.

ఏడాదిన్నర తర్వాత ఒక రోజు వాన పడుతుంటే దగ్గరి దారి పట్టాను. గేటు దగ్గర ఆయన చోటు ఖాళీగా ఉంది. జిరాక్స్ దుకాణంవాణ్ణి అడిగాను.

"ఆయననా? బంద్ చేసిండు సార్. మెదక్ దిక్కు పోయిండు."

"ఆరోగ్యం బాలేదా?"

"మంచిగనే ఉండె. రాసుడు గూడ మంచిగనే ఉండె. కని రాసిన ప్రతి కాయితం నా తాన్కి వస్తుండె. నాకే షరమయ్యేది. ఓ దినం ఆయననే వచ్చి అన్నడు, 'రాసేది నేను, నమ్మేది నిన్ను, ఇగ నేనెందుకు' అని. నవ్వుకుంటనే అన్నడు."

చర్చిలో వాక్యం చదవడం అంతకుముందే మానేశాడని తర్వాత తెలిసింది. ఇంకో నాలుగేళ్ళకి, ఆ గుంపులో, పిట్ట పేరున్న ఆమె ఒకే వాక్యం రాసింది, తండ్రి పోయాడని. ఎక్కడెక్కడి వాళ్ళో సానుభూతి రాశారు. నేను అదే మూడో నంబరులో కూర్చుని రాశాను, చెరిపాను, రాశాను, చెరిపాను. చివరికి ఏమీ పంపలేదు. ఆ తర్వాత ఆమె అక్కడ ఏమీ రాయలేదు. వారం వారం అంత చక్కగా రాసిన మనిషి. ఆమె రచనని కూడా నేనే ఆపేశానని నాకు అర్థమవడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది.

ఇన్నాళ్ళూ నన్ను సమర్థించినవాళ్ళు తక్కువేం లేరు. ఒకరిద్దరు మిత్రులకి ఈ సంగతి చెప్పుకున్నాను. రచయితకి ఆ స్వేచ్ఛ ఉండాలన్నాడొకడు. కథ గొప్పది, మనుషులు పోతారు, కథ నిలుస్తుంది అన్నాడు ఇంకొకడు. ఏం నిలుస్తుంది? ఎండలో కోటు వేసుకుని ముప్పై ఏళ్ళు ఒక్క అక్షరం తేడా రాకుండా చదివిన మనిషిని దొంగని చేసిన కాగితం నిలుస్తుంది. దాన్ని గొప్ప అనే నోళ్ళంటే నాకు అసహ్యం. అందులో మొదటి నోరు నాది.

వెబ్ పత్రిక పిల్లలకి నా జవాబు ఇది. ఆ కథ వెయ్యడానికి అనుమతి ఇవ్వను. సంకలనం ప్రచురించినవాళ్ళకి కూడా అనుమతి వెనక్కి తీసుకుంటున్నట్టు రాశాను. పాత ప్రతులు ఏమీ చెయ్యలేమని బదులు వచ్చింది. ఆమె చిరునామా ఇద్దరు ముగ్గుర్ని అడిగాను, దొరకలేదు. దొరికినా నన్ను క్షమించమని అడగడం ఇంకో బరువు ఆమె నెత్తిన పెట్టడమే. తండ్రి అడిగిన పని ఒక్కటే, అది ఇప్పుడు చేస్తున్నాను.

నా కథలోని విధవరాలు లేదు. పగ లేదు. రాయకుండా చదివిన వాక్యం లేదు. అది ఆబిడ్స్‌లో ఒక ప్రింటు కాగితం మీది నలభయ్యో ప్రశ్నకి నేను కల్పించిన జవాబు. సభలో నిజమని చెప్పింది అబద్ధం. ఆయన పేరు రాయడం లేదు, వద్దన్నాడు కాబట్టి. పేరు లేకుండానే ఆయన్ని అందరూ గుర్తుపట్టారు. నాంపల్లి కోర్టు గేటు, బూడిదరంగు కోటు, ఎడమచేతి రాత, సొట్టపడిన రేకు పెట్టె. ఇవి చదివి ఇప్పుడు కూడా గుర్తుపట్టేవాళ్ళు ఉంటారు. ఆ రోజుల్లో గుమాస్తాలుగా ఉన్నవాళ్ళు, ఆ చర్చిలో వెనక వరసలో కూర్చుని నవ్వినవాళ్ళు. మీరు ఆ మాట ఎవరెవరితో అన్నారో వాళ్ళకి ఫోన్ చేసి, అది అబద్ధమట, రాసినవాడే ఒప్పుకున్నాడు అని చెప్పండి.